ఆగాల్సిన చోట ఆగని బండి: థైరాయిడ్ మాత్ర వెనక సెలీనియం కథ

మా అమ్మ పదేళ్లుగా పొద్దున లేవగానే చేసే మొదటి పని ఒకటే. మంచం పక్కన పెట్టుకున్న డబ్బా మూత తీసి, చిన్న తెల్ల మాత్ర ఒకటి అరచేతిలో వేసుకుని, గ్లాసుడు నీళ్లతో మింగుతుంది. తర్వాత గడియారం వైపు చూస్తుంది. కాఫీకి ఇంకా అరగంట ఆగాలి. పెళ్లిళ్లలో అమ్మ వయసువాళ్లు నలుగురు కలిస్తే చాలు, "నాకు డెబ్బై ఐదు, నీకెంత?" "నాకు వంద చేశారు మొన్న" అని లెక్కలు మొదలవుతాయి. ఆ అంకెలు మైక్రోగ్రాములు. అంటే గ్రాములో పదిలక్షో వంతులు. అంత చిన్న మోతాదు మీద ఒక మనిషి ఓపిక, బరువు, జుట్టు, నిద్ర, గుండె వేగం అన్నీ ఆధారపడి ఉంటాయి.

మొన్న అమ్మకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. సెలీనియం బిళ్లలు వాడితే థైరాయిడ్ మాత్ర మానేయొచ్చట. "నిజమేనా?" అని అడిగింది. నిజం కాదు. ఆ జవాబుకి ఒక్క ముక్క చాలు. అయితే థైరాయిడ్‌కీ సెలీనియంకీ ఉన్న సంబంధం మాత్రం పచ్చి నిజం. దాన్ని విప్పి చూపించిన వాళ్లలో మార్లా బెర్రీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ముఖ్యురాలు. థైరాయిడ్ హార్మోన్ మీద ఒక మామూలు ప్రశ్నతో మొదలైన ఆవిడ పరిశోధన, జీవకణం తన జన్యులిపిని ఎలా చదువుతుందన్న పెద్ద ప్రశ్న దాకా వెళ్లింది. ఆ దారి వెంట నడిస్తే వాట్సాప్ మెసేజ్ ఎక్కడ తప్పిందో కూడా తెలుస్తుంది.

ముందు ఆ మాత్ర సంగతి. అందులో ఉండేది లివోథైరాక్సిన్, డాక్టర్లు పొట్టిగా టీ4 అంటారు. నాలుగు అయోడిన్ పరమాణువులు ఉన్న హార్మోన్ కాబట్టి ఆ పేరు. దాని బరువులో దాదాపు మూడింట రెండు వంతులు అయోడినే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ 1914 క్రిస్మస్ రోజున దీన్ని తొలిసారి స్ఫటికాల రూపంలో వేరు చేశాడు. ఆ తర్వాత సుమారు మూడు టన్నుల పంది థైరాయిడ్ గ్రంథుల నుంచి ఆయన రాబట్టగలిగిన థైరాక్సిన్ 33 గ్రాములు. అమ్మ డబ్బా చూసినప్పుడల్లా నాకు ఆ మూడు టన్నులు గుర్తొస్తాయి.

చాలాకాలం ఇదే అసలు హార్మోన్ అనుకున్నారు. 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోజలిండ్ పిట్-రివర్స్ ఇంకొకటి కనిపెట్టారు. మూడే అయోడిన్లు ఉన్న టీ3. అది టీ4 కన్నా చాలా చురుకైనది. మరి అది ఎక్కడి నుంచి వస్తోంది? థైరాయిడ్ గ్రంథి కొద్దిగా తయారుచేస్తుంది, సరే. మిగతాది? 1970లో బ్రేవర్‌మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ అనే ముగ్గురు తేల్చారు. థైరాయిడ్ గ్రంథే పనిచేయని మనుషులకి శుద్ధమైన టీ4 మాత్రమే ఇచ్చి రక్తం పరీక్షిస్తే, అందులో టీ3 కనిపించింది. అంటే గ్రంథి బయట, శరీరంలోనే ఎక్కడో టీ4 నుంచి ఒక అయోడిన్ ఊడుతోంది. ఇప్పుడు మనకు తెలిసిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజువారీ టీ3లో దాదాపు 80 శాతం ఇలా గ్రంథి బయట తయారైనదే.

కాబట్టి అమ్మ మింగే మాత్ర ఒకరకంగా వడ్లు. వాటిని దంచి బియ్యం చేసుకునే పని శరీరానిది. ఆ దంపుడు పని చేసే ఎంజైముల పేరు డీఅయోడినేస్‌లు, అంటే అయోడిన్‌ను తీసేసేవి. మొత్తం మూడున్నాయి. మొదటిది ఎక్కువగా కాలేయం, మూత్రపిండాల్లో ఉంటుంది. రెండోది మెదడు, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి లాంటి చోట్ల తమ అవసరానికి తగ్గ టీ3ని అక్కడికక్కడే తయారుచేస్తుంది. మూడోది తిరగలి తిప్పినట్టు కాకుండా తలుపు వేసినట్టు పనిచేస్తుంది: వేరే చోటు నుంచి అయోడిన్ ఊడదీసి హార్మోన్‌ని పనికిరాకుండా చేస్తుంది. గర్భంలో బిడ్డకి హార్మోన్ ఎక్కువైపోకుండా మాయలో కాపలా కాసేది అదే. రక్తంలో ఒకే హార్మోన్ అందరికీ అందుతున్నా, ఏ అవయవం ఎంత వాడుకోవాలో ఈ ముగ్గురూ కలిసి నిర్ణయిస్తారు. నా దృష్టిలో థైరాయిడ్ శాస్త్రంలో అన్నిటికన్నా అందమైన విషయం ఇదే. మన థైరాయిడ్ రక్తపరీక్ష (టీఎస్‌హెచ్) రిపోర్టులో మాత్రం ఇది కనబడదు.

ఇక సెలీనియం. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ 1817లో కనుగొని, గ్రీకుల చంద్రదేవత పేరు పెట్టాడు. పేరు చల్లగా ఉన్నా నూరేళ్లకు పైగా దానికున్న కీర్తి విషమనే. 1930లలో అమెరికాలోని డకోటా ప్రాంతంలో పశువుల జుట్టు రాలి గిట్టలు ఊడిపోతుంటే, మేతలో ఎక్కువైన సెలీనియమే కారణమని తేలింది. మన దేశంలోనూ పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల నేలలో సెలీనియం ఎక్కువ. అక్కడ పండిన గోధుమ తిన్నవాళ్లలో జుట్టు, గోళ్లు పాడైన సంగతి శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

కథ 1957లో తిరగబడింది. క్లాస్ ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ అనే ఇద్దరు, ఎలుకల కాలేయం చచ్చిపోకుండా కాపాడుతున్న ఒక తెలియని పదార్థంలో ఉన్నది సెలీనియమేనని చూపించారు. విషమే మందైంది, అదీ అతి స్వల్ప మోతాదులో. చైనాలో కెషాన్ జిల్లా పేరుతో పిలిచే గుండెజబ్బు ఒకటుంది. సెలీనియం కరువున్న నేలల్లో పిల్లల్నీ, పిల్లలు కనే వయసు ఆడవాళ్లనీ బలిగొనేది. 1974లో పిల్లలకు సోడియం సెలినైట్ మాత్రలు ఇచ్చి చూస్తే, మాత్ర వేసుకోని వాళ్లలో 1.35 శాతం మందికి జబ్బు వచ్చింది. వేసుకున్న వాళ్లలో 0.22 శాతం మందికే.

ఈ రెండు దారులూ, అంటే హార్మోన్ దారి, సెలీనియం దారి, కలిసింది 1987లో. స్కాట్లండ్‌లో జెఫ్రీ బెకెట్, జాన్ ఆర్థర్ బృందం ఎలుకలకు సెలీనియం లేని మేత పెట్టింది. వాటి కాలేయంలో టీ4 నుంచి టీ3 తయారవడం బాగా తగ్గిపోయింది. దంపుడు మందగించింది. ఎందుకు? 1990లో బెర్లిన్‌లో డీట్రిష్ బేనె బృందం రేడియోధార్మిక సెలీనియం ఎక్కడ చేరుతోందో వెంబడించి, మొదటి డీఅయోడినేస్‌లోనే సెలీనియం ఉన్నట్టుందని చూపించింది. పక్కాగా తేలాలంటే ఆ ఎంజైమ్ జన్యువు చేతికి రావాలి. అది రావడంలేదు. ఎందుకంటే ఈ ఎంజైమ్ కణంలోని పొరలకు అతుక్కుని ఉంటుంది, పరిమాణంలో చాలా తక్కువ. ఊడదీసి శుద్ధి చేయబోతే చేతిలో ఏమీ మిగలదు.

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రిలో రీడ్ లార్సెన్ ప్రయోగశాల అప్పటికే డీఅయోడినేస్‌ల మీద పేరున్న చోటు. మార్లా బెర్రీ అక్కడ చేరి, ఎంజైమ్‌ని శుద్ధి చేసే ప్రయత్నం పక్కన పెట్టి వేరే దారి పట్టింది. ఆ దారిలో సాధనం కప్ప గుడ్డు.

జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఒక సగం ముదురు రంగు, ఇంకో సగం లేత రంగు. అది గొప్ప పనిమంతురాలు. ఏ జంతువు ఎంఆర్ఎన్ఏ లోపలికి ఎక్కించినా, అంటే ప్రోటీన్ ఎలా తయారుచేయాలో చెప్పే చిట్టీ ఏది ఇచ్చినా, ప్రశ్నించకుండా తయారుచేసి పెడుతుంది. ఎలుక కాలేయం చిట్టీలు ఎక్కిస్తే ఎలుక కాలేయం ప్రోటీన్లు. సన్నటి గాజుసూదితో గుడ్డు గుడ్డుకీ సూక్ష్మమైన బొట్టు ఎక్కించడం, కొన్ని రోజులు వాటిని కాపాడటం, తర్వాత గుడ్లను నలిపి అయోడిన్ ఊడుతోందా లేదా చూడటం. ఊడితే, ఎక్కించిన చిట్టీల కట్టలో మనకు కావలసినది ఉన్నట్టే. ఆ కట్టను చిన్న కట్టలుగా విడగొట్టు. మళ్లీ ఎక్కించు. మళ్లీ చూడు. ఊడిన కట్టను ఇంకా చిన్నవిగా విడగొట్టు. గాదెలో పడిన ఉంగరాన్ని వెతికినట్టు, బస్తా బస్తాగా, చాట చాటగా, చివరికి గుప్పెడులోకి. మిగిలిన ఒక్క చిట్టీ మొదటి డీఅయోడినేస్‌ది.

దాన్ని అక్షరం అక్షరం చదివితే, మధ్యలో ఒక అడ్డు కనిపించింది.

ఇక్కడ జన్యులిపి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఎంఆర్ఎన్ఏ చిట్టీలో అక్షరాలు నాలుగే. మూడేసి అక్షరాలు ఒక మాట. మొత్తం 64 మాటలు. వాటిలో 61 మాటలు ఏదో ఒక అమైనో ఆమ్లాన్ని తెచ్చి గొలుసుకు తగిలించమంటాయి. మిగతా మూడు మాటలు "ఆగు" అంటాయి. గొలుసు అక్కడితో పూర్తి, ప్రోటీన్ తయారైంది అని అర్థం. ఆ మూడింటిలో ఒకటి యూజీఏ.

డీఅయోడినేస్ ప్రోటీన్‌లో ఉండాల్సినవి 257 అమైనో ఆమ్లాలు. చిట్టీలో 126వ మాట దగ్గరే యూజీఏ ఉంది. సగం దారిలో "ఆగు". అయినా కప్ప గుడ్డు ఆగడంలేదు, పూర్తి ఎంజైమ్ తయారుచేస్తోంది.

ఇలాంటి వింత అంతకు ముందు లేకపోలేదు. థ్రెస్సా స్టాడ్‌మన్ అనే శాస్త్రవేత్త 1976లోనే ఒక బాక్టీరియా ప్రోటీన్‌లో సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని గుర్తించింది. సిస్టీన్ అనే మామూలు అమైనో ఆమ్లంలో గంధకం పరమాణువు ఉండే చోట సెలీనియం ఉంటే అది సెలీనోసిస్టీన్. మనం బడిలో ఇరవై అమైనో ఆమ్లాలని చదువుకున్నాం కదా, ఇది ఇరవై ఒకటోది. 1986లో బాక్టీరియాలోనూ, ఎలుకలోనూ ఒక్కో సెలీనియం ప్రోటీన్ జన్యువును చదివితే, సెలీనోసిస్టీన్ ఉండాల్సిన చోట "ఆగు" అనే యూజీఏ కనిపించింది. కాబట్టి డీఅయోడినేస్ కూడా ఈ చిన్న కుటుంబంలోదే అయ్యుండాలి. బెర్రీ బృందం దాన్ని సూటిగా పరీక్షించింది. యూజీఏని తీసి మరో "ఆగు" మాట పెట్టారు. ఎంజైమ్ పని సున్నా. యూజీఏ బదులు సిస్టీన్ మాట పెట్టారు. ఎంజైమ్ తయారైంది, పని మాత్రం పదో వంతుకి పడిపోయింది. 1991లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. థైరాయిడ్ హార్మోన్‌కి సెలీనియం ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు ఒక పరమాణువు దాకా వచ్చి నిలిచింది.

సెలీనియానికి ఈ పెద్దపీట ఎందుకు? గంధకమూ దాని అన్నదమ్ముడే కదా? సెలీనియం పరమాణువు పెద్దది, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు కాస్త వదులుగా ఉంటాయి. శరీరంలో ఉండే పరిస్థితుల్లో సిస్టీన్ ఎక్కువగా నిద్రపోతూ ఉంటే సెలీనోసిస్టీన్ ఎప్పుడూ విద్యుదావేశంతో తయారుగా ఉంటుంది, అయోడిన్‌ను చటుక్కున పట్టుకుని లాగేస్తుంది. ఈ భాగాన్ని బాగా తవ్విన వాళ్లలో మన దేశం వారొకరున్నారు: బెంగళూరులోని పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో గోవిందసామి ముగేష్. ఆయన బృందం 2010 ప్రాంతంలో ప్రోటీన్ ఏదీ లేకుండానే, నాఫ్తలీన్ చట్రానికి సెలీనియం అతికించిన చిన్న అణువుతో థైరాక్సిన్ నుంచి అయోడిన్ ఊడదీసి చూపించింది. మూడో డీఅయోడినేస్ చేసే పనిని సీసాలో చేయించారన్నమాట.

మళ్లీ బోస్టన్‌కి వద్దాం. నన్ను అడిగితే, బెర్రీ పరిశోధనలో అసలు మలుపు రెండో పేపర్. అదీ 1991లోనే, అదే పత్రికలో.

ప్రశ్న ఇది. మన కణాల్లో వేలకొద్దీ చిట్టీలు యూజీఏతో ముగుస్తాయి. అక్కడ కణం బుద్ధిగా ఆగుతుంది. డీఅయోడినేస్ చిట్టీలో మాత్రం అదే యూజీఏ దగ్గర ఆగకుండా సెలీనోసిస్టీన్ తగిలించి ముందుకు పోతుంది. తేడా కణానికి ఎలా తెలుస్తుంది? బాక్టీరియాలో యూజీఏ పక్కనే ఆర్ఎన్ఏ ఒక మడత పడి గుర్తుగా ఉంటుందని జర్మనీలో ఆగస్ట్ బ్యోక్ బృందం చూపించింది. మరి ఎలుకలో కూడా పక్కనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. బెర్రీ బృందం చిట్టీని అటూ ఇటూ కత్తిరిస్తూ పోయింది. చిట్టీ చివర ఒక పొడవాటి తోక ఉంటుంది. ప్రోటీన్ తయారీ అంతా అయిపోయాక వచ్చే భాగం అది, దాన్ని కణం ప్రోటీన్‌గా అనువదించదు. ఆ తోక కోస్తే నష్టం ఉండకూడదు. కోస్తే, ఎంజైమ్ మాయమైంది. సుమారు వెయ్యి అక్షరాల అవతల, ఎవరూ చదవని ఆ తోకలో, దాదాపు 200 అక్షరాల ముక్క ఒకటి ఉంటేనే సగం దారిలో ఉన్న "ఆగు" కాస్తా "పోనీ" అవుతోంది. ఇంకో సెలీనియం ప్రోటీన్ చిట్టీ తోక తెచ్చి ఇక్కడ అతికించినా పని జరిగింది.

మన పాత ఎర్రబస్సు గుర్తు తెచ్చుకోండి. స్టాప్ కనపడగానే డ్రైవర్ బ్రేక్ మీద కాలు వేస్తాడు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు లేరనుకోండి, వెనక తలుపు దగ్గర నిలబడ్డ కండక్టర్ "రైట్ రైట్" అంటాడు. బండి ఆగకుండా సాగుతుంది. స్టాప్ బోర్డు మారలేదు. డ్రైవర్ మారలేదు. వెనక ఉన్న కండక్టర్ కేక ఒక్కటే తేడా. డీఅయోడినేస్ చిట్టీ తోకలో ఉన్నది ఆ కండక్టర్. తోకలోని ఆ ముక్క కూడా ఒక మడతే. 1993 నాటికి ఆ మడతకు సెసిస్ అన్న పేరు స్థిరపడింది.

కండక్టర్ కేక డ్రైవర్ చెవికి చేరాలి కదా. కొన్ని పాత బస్సుల్లో అందుకోసం పైన ఒక తాడు కట్టి ఉండేది, లాగితే డ్రైవర్ దగ్గర గంట మోగేది. కణంలోనూ ఆ తాడు దొరికింది. అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో పాల్ కోప్‌లండ్, డోనా డ్రిస్కాల్ సెసిస్ మడతను పట్టుకునే ఎస్‌బీపీ2 అనే ప్రోటీన్‌ని వేరు చేశారు. సెలీనోసిస్టీన్‌ని మోసుకొచ్చి సరిగ్గా సమయానికి అందించే ఇంకో ప్రోటీన్‌ని 2000లో బెర్రీ బృందం, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో అలన్ క్రోల్ బృందం విడివిడిగా పట్టుకున్నాయి. దాని పేరు ఈఎఫ్‌సెక్. కొన్నేళ్లలోనే మొత్తం యంత్రాంగం బొమ్మ కట్టింది.

అదే ఏడాది బెర్రీ బృందం ఇంకో ప్రశ్నకు జవాబు వెతికింది. నాకు వ్యక్తిగతంగా ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే ఆహారంతో నేరుగా సంబంధం ఉన్నది ఇదే. మనిషి జన్యువుల్లో సెలీనియం ప్రోటీన్లు 25 ఉన్నాయి. తినే తిండిలో సెలీనియం తక్కువైతే అన్నీ సమానంగా తగ్గవు. కొన్ని ముందే ఆగిపోతాయి, కొన్ని చివరిదాకా నిలబడతాయి. ఇంట్లో డబ్బు తక్కువైనప్పుడు పండగ బట్టలు ఆపినా పిల్లల ఫీజు మాత్రం ఎలాగోలా కట్టినట్టు. సెసిస్ మడతకీ ఎస్‌బీపీ2కీ మధ్య పట్టు ఎంత గట్టిగా ఉందో, ఆ ప్రోటీన్‌కి వరసలో అంత ముందు చోటు దక్కుతుందని బెర్రీ బృందం చూపించింది. కేక గట్టిగా వేసే కండక్టర్ బండి ముందు కదులుతుంది. అవయవాల విషయంలోనూ అంతే: కరువులో కాలేయం త్వరగా ఖాళీ అవుతుంది, మెదడు, థైరాయిడ్ గ్రంథి తమ వాటా పట్టుకుని ఉంటాయి. శరీరంలో గ్రాముకి అన్నిటికన్నా ఎక్కువ సెలీనియం ఉండే అవయవం థైరాయిడ్డే. హార్మోన్ తయారీకి అది హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడుతుంది, ఆ మంట తనను కాల్చకుండా కాపాడే ఎంజైములకీ సెలీనియం కావాలి.

బెర్రీ తర్వాత హవాయి విశ్వవిద్యాలయం వైద్య కళాశాలకు వెళ్లి, కణ, అణు జీవశాస్త్ర విభాగానికి అధిపతిగా పనిచేసింది. అక్కడ ఆవిడ చూపు మెదడు వైపు మళ్లింది. కాలేయంలో తయారై, రక్తంలో సెలీనియం మోసుకుంటూ మెదడుకి చేర్చే సెలీనోప్రోటీన్-పి అనేదొకటుంది. మనిషిలో దాని చిట్టీలో సెలీనోసిస్టీన్ కోసం యూజీఏ పదిసార్లు వస్తుంది. పది స్టాపులు, పదిసార్లు "రైట్ రైట్". అది లేని ఎలుకల్లో, దాంతో పాటు సెలీనియాన్ని తిరిగి వాడుకునే ఇంకో ఎంజైమ్ కూడా లేకుండా చేస్తే, అవి తూలుతూ నడిచాయి, పెద్ద శబ్దం వినిపిస్తే వాటికి ఫిట్స్ వచ్చాయి. హవాయి బృందం 2014లో ప్రచురించిన ఫలితాలివి.

ఇంత చదివాక మెసేజ్ పంపినావిడ వాదన కొంత బలంగానే వినిపించవచ్చు. ఎంజైమ్‌కి సెలీనియం కావాలి, కాబట్టి సెలీనియం వేసుకుంటే ఎంజైమ్ పరుగులు తీస్తుంది, అంతేగా? ఇందుకు జవాబు అయోడిన్ దగ్గర మొదలవుతుంది, అక్కడ మన శ్రీకాకుళం వస్తుంది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1950లలో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో గొంతువాపు జబ్బు మీద పెద్ద పరిశోధన నడిపారు. లోయను మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గొంతువాపులు గణనీయంగా తగ్గాయి, మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. ఈ రోజు మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి గుర్తు వెనక ఆ లోయ ఉంది. అయోడిన్ లేకపోతే హార్మోన్ అన్న మాటే లేదు. సెలీనియం పని ఆ తర్వాతే.

ఈ వరస తప్పితే ఏమవుతుందో మధ్య ఆఫ్రికాలో, అప్పటి జైర్‌లో (నేటి డీఆర్ కాంగో) కనబడింది. దాని ఉత్తర ప్రాంతంలో అయోడిన్, సెలీనియం రెండూ కరువే. బెర్నార్ కాంటాంప్రే అనే వైద్యుడి బృందం అక్కడి వాళ్లకు రోజూ 50 మైక్రోగ్రాముల సెలీనియం మాత్రమే రెండు నెలలు ఇచ్చి చూసింది. మేలు జరుగుతుందనే ఆశ. జరిగింది వేరు: అసలే థైరాయిడ్ నీరసంగా ఉన్నవాళ్లలో టీ4 ఇంకా పడిపోయింది. కారణం ఇప్పుడు మనం ఊహించగలం. సెలీనియం రాగానే డీఅయోడినేస్ చురుకైంది, ఉన్న కాస్త టీ4ని వేగంగా ఖర్చు చేసింది. కొత్తగా తయారుచేసుకోవడానికి అయోడిన్ లేదు. గాదెలో వడ్లు లేనప్పుడు రోకలికి పదును పెట్టినట్టయింది. 1991లో ప్రచురించిన ఆ వ్యాసం పేరులోనే, అయోడిన్ కరువున్న వాళ్లకు విచక్షణ లేకుండా సెలీనియం ఇవ్వడం ప్రమాదకరం కావచ్చన్న హెచ్చరిక ఉంది.

మన ఇళ్ల సంగతి జైర్ లాంటిది కాదు, ఒప్పుకుంటాను. ఇక్కడ అయోడిన్ ఉప్పు ఉంది. సెలీనియం కూడా పప్పులు, గుడ్లు, చేపలు, గోధుమల నుంచి ఎంతో కొంత అందుతూనే ఉంటుంది. పెద్దవాళ్లకు అమెరికా ప్రమాణం రోజుకు 55 మైక్రోగ్రాములు. పై హద్దు అక్కడ 400, యూరప్ 2023లో దాన్ని 255కి తగ్గించింది. అవసరానికీ ప్రమాదానికీ మధ్య ఖాళీ ఎంత తక్కువో ఈ అంకెల్లోనే ఉంది. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంట్‌లో రాసినదానికి 200 రెట్లు సెలీనియం పడింది. 201 మంది జబ్బుపడ్డారు. జుట్టు రాలింది, గోళ్లు చెడ్డాయి, కీళ్లు నొప్పులు పట్టాయి. ఎక్కువైతే నష్టం, సరిపోయినదానికి పైన ఉంటే లాభం లేదన్నది ఇంకో పెద్ద పరీక్షలో తేలింది: 35,533 మంది మగవాళ్లతో నడిచిన సెలెక్ట్ పరీక్షలో రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ప్రోస్టేట్ క్యాన్సర్‌ని ఆపలేదు.

పూర్తిగా పనికిరానిదని కూడా అనను. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులో కళ్లు ఉబ్బినట్టు బయటికి వస్తాయి. అది తేలికపాటిగా ఉన్నప్పుడు ఆరు నెలలు సెలీనియం ఇస్తే ఊరట కనిపించిందని 2011లో యూరప్ డాక్టర్లు చూపించారు. అది ఒక జబ్బు, ఒక దశ, డాక్టరు చూపు కింద. అమ్మది హైపోథైరాయిడ్. అమ్మ గ్రంథి టీ4 సరిపడా తయారుచేయడంలేదు. ఆ లోటు తీర్చేది మాత్ర. దాన్ని దంచుకునే రోకలి అమ్మ దగ్గర బాగానే ఉంది.

రోకలి నిజంగా విరిగినవాళ్లు ఉన్నారు, చాలా కొద్దిమంది. 2005లో షికాగో విశ్వవిద్యాలయంలో అలెగ్జాండ్రా డుమిట్రెస్కు, శామ్యూల్ రెఫెటాఫ్ బృందం, సౌదీ అరేబియాలోని ఒక బెడూయిన్ కుటుంబం పిల్లల రక్తం పరీక్షించింది. ఎత్తు పెరగని పిల్లలు వాళ్లు. టీ4 ఎక్కువ, టీ3 తక్కువ. ఎక్కడ చిక్కుకుందో వెతికితే ఎస్‌బీపీ2 జన్యువులో లోపం దొరికింది. అంటే కండక్టర్ ఉన్నాడు, తాడు తెగింది. అంతకు పద్నాలుగేళ్ల ముందు ఎలుక చిట్టీ తోక కోసి చూసిన ప్రయోగం, ఒక ఇంట్లో పిల్లల ఎత్తు ఎందుకు ఆగిందో చెప్పడానికి పనికొచ్చింది. ఆ లోపం ఉన్నవాళ్లకు తర్వాత సెలీనియం ఇచ్చి చూశారు. రక్తంలో సెలీనియం పెరిగింది, టీ3 తయారీ మాత్రం బాగుపడలేదు. ఎత్తు పెరగడానికి సాయపడింది నేరుగా ఇచ్చిన టీ3.

ఇదంతా అమ్మకి ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. ఎర్రబస్సు దగ్గర నవ్వింది. కప్ప గుడ్ల దగ్గర "పాపం, అంత ఓపికా ఆవిడకి" అంది. తర్వాత మెసేజ్ పంపినావిడకి ఫోన్ చేసి, "మాత్ర మానకు వదినా, ముందు డాక్టర్‌ని అడుగు" అని చెప్పి, గడియారం చూసుకుని కాఫీ పెట్టుకోవడానికి లేచింది.